సరస్సు ఏ దిక్కున ఉంది? మెక్సికోలో ఉంటున్న పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

మెక్సికోలో కొలువులు చేసుకుంటున్న పాఠకులు ఈ నెల ఎక్కువగా సరస్సుల గురించే రాశారు. చాలా ఉత్తరాల్లో 'మలెకోన్' అన్న మాట ఉంది. నీటి ఒడ్డున రాతికట్ట కట్టి, దాని మీద నడకదారి, బెంచీలు, దీపాలు పెట్టిన చోటును అక్కడ మలెకోన్ అంటారు. మన ట్యాంక్‌బండ్‌ను తలచుకోండి, కాకపోతే చాలాచోట్ల అది నడిచేవాళ్ళకే. స్పానిష్‌లో 'జె' అక్షరాన్ని 'హ' అని పలుకుతారు కాబట్టి ఊళ్ళ పేర్లు పలికే తీరులోనే రాశాం. బస్సు డ్రైవరును అడిగేటప్పుడు పనికొస్తుంది.

ప్రశ్న: గ్వాదలహారాలో ఏడాదిగా ఉంటున్నాం. సూర్యాస్తమయం చూద్దామని జూన్‌లో ఒక ఆదివారం చపాలా వెళ్ళాం. సూర్యుడు కొండల వెనక్కి పోయాడు, నీళ్ళ మీద దిగలేదు. తిరుగు దారంతా ట్రాఫిక్. మేం ఎక్కడ పొరపాటు పడ్డాం?

జవాబు: నెల విషయంలోనూ, వారం విషయంలోనూ. చపాలా, అహిహిక్ ఊళ్ళు రెండూ చపాలా సరస్సుకు ఉత్తరపు ఒడ్డున ఉన్నాయి, అంటే మలెకోన్ మీద నిలబడితే నీళ్ళు మీకు దక్షిణాన ఉంటాయి. జూన్‌లో సూర్యుడు పడమరకు ఉత్తరంగా జరిగి దిగుతాడు, అటు ఉన్నది కొండలు, ఇళ్ళే. నవంబరు నుంచి జనవరి దాకా నైరుతి వైపు దిగుతాడు. అప్పుడైతే వెలుగు నీళ్ళ మీదుగా వచ్చి దక్షిణపు ఒడ్డు కొండల అంచున ఆరిపోతుంది. ఎదురుగా కనిపించే పెద్ద కొండ సెర్రో గార్సియా.

వేళ కూడా గుర్తుంచుకోండి. మెక్సికోలో ఎక్కువ భాగం 2022 అక్టోబరు నుంచి వేసవిలో గడియారాన్ని గంట ముందుకు జరిపే పద్ధతిని మానేసింది. చపాలాలో డిసెంబరులో సుమారు ఆరుంబావుకు, జూన్‌లో ఏడున్నరకు అటూఇటూగా పొద్దు గూకుతుంది. సూర్యోదయం కావాలంటే సరస్సు పడమటి కొసన ఉన్న హోకోతెపెక్ వెళ్ళండి. అక్కడ నీళ్ళు తూర్పున ఉంటాయి, సూర్యుడు సరస్సు వైపు నుంచి లేస్తాడు. మలెకోన్ విశాలం, పొద్దున పూట జనం తక్కువ. మాలో చాలామందికి మూడింటిలో ఎక్కువ ఇష్టమైనది ఇదే, పేరు మాత్రం అహిహిక్‌కు వచ్చింది.

ఇక రద్దీ. గ్వాదలహారా నుంచి చపాలా 50 కిలోమీటర్ల లోపే, విమానాశ్రయం కూడా అదే దారిలో ఉంది. నగరంలో సగం మంది ఆదివారం మధ్యాహ్నం అటే వచ్చి, సాయంత్రం ఐదు నుంచి ఎనిమిది మధ్య ఒక్కసారే వెనక్కి తిరుగుతారు. ఆదివారమే కుదిరితే ఉదయం తొమ్మిదికల్లా చేరి, మూడున్నరకు బయల్దేరండి. ఫిబ్రవరి మొదటి సోమవారం, మార్చి మూడో సోమవారం, నవంబరు మూడో సోమవారం దేశమంతా సెలవు. వాటిని ఆనుకున్న శని, ఆదివారాలు, ఈస్టరు ముందు వారం చపాలా జోలికి పోకపోవడం మంచిది. అక్కడే ఉండేవాళ్ళకు మంగళవారం సాయంత్రం ఖాళీ దొరుకుతుంది. రెండు రోజుల కోసం వచ్చినవాళ్ళకు ఆ వీలు లేదు, మీకు ఉంది. వాడుకోండి.

ప్రశ్న: కారు లేదు. బస్సులో ఎలా వెళ్ళాలి? అహిహిక్‌కు వేరే బస్సు ఉందా?

జవాబు: గ్వాదలహారాలో రెండు పెద్ద బస్టాండ్లు ఉన్నాయి. చపాలా బస్సులు నగరం లోపలి పాత బస్టాండు నుంచి, అంటే 'ఆంతీగ్వా సెంత్రాల్' నుంచి బయల్దేరతాయి. కొత్తగా వచ్చినవాళ్ళు త్లకెపాకె వైపు ఉన్న కొత్త బస్టాండుకు పోయి గంట పోగొట్టుకుంటారు. టాక్సీ ఎక్కేటప్పుడే పాతదని గట్టిగా చెప్పండి.

చపాలాకు గంట ప్రయాణం. బస్టాండు మాదెరో వీధిలో ఉంది. ఆ వీధిలోనే పల్లానికి పది నిమిషాలు నడిస్తే ముయేయె, అంటే పడవల రేవు వస్తుంది. అహిహిక్, సాన్ హువాన్ కొసాలా, హోకోతెపెక్‌లకు చపాలాలో స్థానిక బస్సు ఎక్కవచ్చు. అది ఒడ్డు వెంబడి పోదు, పైన హైవే మీదే ఆగుతుంది. అహిహిక్‌లో దిగాక ఆరేడు వీధులు కిందికి నడవాలి, వచ్చేటప్పుడు అంత ఎక్కాలి. చివరి బస్సు ఎన్నింటికో దిగగానే అడగండి: 'ఆ కే ఓరా సాలె ఎల్ ఉల్తిమో?' చీకటి పడ్డాక ఆ మాటకు విలువ తెలుస్తుంది.

టిక్కెట్టుకూ, మరుగుదొడ్డికీ చిల్లర నాణేలు ఉంచుకోండి. మరుగుదొడ్ల దగ్గర కూర్చున్న మనిషి డబ్బు తీసుకుని కాగితం ఇస్తారు. వాడిన కాగితాన్ని పక్కనున్న బుట్టలో వేయాలి, లోపల వేస్తే సన్నని పైపులు పూడుకుపోతాయి.

ప్రశ్న: పడవవాళ్ళు చెప్పే ధర మనిషికా, పడవకా అర్థం కాదు. మధ్యాహ్నం ఎక్కితే పడవ బాగా ఊగింది, పిల్లలు భయపడ్డారు. అది మామూలేనా?

జవాబు: చపాలా రేవులో ధర సాధారణంగా పడవకు, మిచొవకాన్ రాష్ట్రంలో మరో సరస్సు దగ్గరున్న పాత్స్‌క్వారోలో మనిషికి. ఎక్కడైనా ముందే 'పోర్ పెర్సోనా ఓ పోర్ లా లాంచా?' అని అడగండి. రెండో ప్రశ్న, దీవి దగ్గర ఎంతసేపు ఆగుతారు? 'అలక్రానెస్' దీవికి, అంటే తేళ్ళ దీవికి, అరగంట ఆగడానికీ గంట ఆగడానికీ ధర వేరు. ఆ మాట తేల్చుకోకుండా ఎక్కినవాళ్ళే తిరిగొచ్చాక గొడవ పడతారు. డబ్బు తిరిగొచ్చాక ఇవ్వండి.

పడవ ఊగడానికి కారణం ఉంది. చపాలా మెక్సికోలోకెల్లా పెద్ద సహజ సరస్సు. తూర్పు పడమరలుగా సుమారు 80 కిలోమీటర్ల పొడవు, సరాసరి లోతు మాత్రం నాలుగైదు మీటర్లే. ఇంత పొడవున గాలి వీస్తే, లోతు లేని నీటిలో అలలు పొట్టిగా, నిటారుగా, ఒకదాని వెంట ఒకటి లేస్తాయి. సముద్రపు అల పడవను ఎత్తి దించుతుంది, ఇక్కడి అల కొడుతుంది. పొద్దున నీరు అద్దంలా ఉంటుంది, మధ్యాహ్నానికి గాలి లేస్తుంది. పిల్లలతో అయితే పదకొండులోపు ఎక్కి దిగండి. 'చలేకో', అంటే లైఫ్ జాకెట్టు, పిల్లల కొలతలో లేదంటే ఇంకో పడవ చూసుకోండి. పెద్దవాళ్ళది పిల్లలకు తగిలిస్తే నీళ్ళలో తల మీదుగా జారిపోతుంది.

జూన్ మధ్య నుంచి అక్టోబరు మొదలు దాకా వానలు. ఎక్కువగా సాయంత్రం, రాత్రి ఉరుములతో పడతాయి. ఉత్తరపు కొండల మీద పెద్ద వాన పడితే వాగులు ఒక్క ఊపున ఊళ్ళ మీదికి దిగుతాయి. 2007 సెప్టెంబరులో సాన్ హువాన్ కొసాలా మీదికి కొండ నుంచి బురద, బండలు వచ్చిపడ్డాయి. వానాకాలంలో ఎండువాగు పక్కన కారు నిలపవద్దు.

చరిత్ర ఇష్టమైతే తేళ్ళ దీవి కన్నా మెస్కాలా దీవి చూడండి. 1812 నుంచి 1816 దాకా అక్కడి స్థానిక జనం స్పెయిన్ సేనల్ని అడ్డుకుని నిలిచారు. చివరికి గౌరవప్రదమైన ఒప్పందంతోనే వాళ్ళు దీవి దిగారు. దీవికి పడవలు మెస్కాలా ఊరి నుంచి దొరుకుతాయి. నీడ తక్కువ, నీళ్ళు వెంట తీసుకెళ్ళండి.

ప్రశ్న: అమ్మానాన్నలు విజయవాడ నుంచి రెండు నెలలకు వస్తున్నారు. డెబ్భై దాటారు, అమ్మకు మోకాళ్ళ నొప్పి. ఎక్కడికి తీసుకెళ్ళగలం?

జవాబు: చపాలాకే. అహిహిక్ అందమైన ఊరే గాని, వీధులన్నీ గుండ్రాళ్ళు పరిచినవి. మోకాలికీ, వీల్‌చెయిర్‌కూ, పిల్లల తోపుడుబండికీ అవి పనికిరావు. తీసుకెళ్ళాలనిపిస్తే కారులో నేరుగా మలెకోన్ దగ్గర దించి, మీరు వెళ్ళి పార్కింగ్ వెతుక్కోండి. మలెకోన్ చదునుగానే ఉంటుంది. చపాలాలో రేవు, చర్చి, చేతిపనుల దుకాణాలు దగ్గరదగ్గరగా ఉంటాయి. 1920లో కట్టిన పాత రైల్వే స్టేషన్ ఇప్పుడు సాంస్కృతిక కేంద్రం. ఎండ వేళ కాసేపు కూర్చోవడానికి మంచి చోటు.

సరస్సు సముద్రమట్టానికి 1,500 మీటర్ల పైన ఉంది. గాలి చల్లగా ఉండటంతో ఎండ తెలియదు, కాని చర్మం మాడుతుంది. ఉదయం పది లోపు, సాయంత్రం నాలుగున్నర తర్వాత నడిపించండి. మే నెల అన్నిటికన్నా వేడి. జనవరిలో పొద్దు గూకిన వెంటనే చలి దిగుతుంది, నాన్నగారికి స్వెటరు కావాలి. దీపాల చుట్టూ మబ్బులా మూగే 'బోబోస్' అనే సన్నపురుగులు కుట్టవు. బెదరనక్కర్లేదు, నోరు మూసుకుని నడిస్తే చాలు.

ప్రశ్న: మేం శాకాహారులం. 'సిన్ కార్నె' అని చెప్పినా అన్నంలో కోడి వాసన వస్తోంది.

జవాబు: అక్కడ 'కార్నె' అంటే చాలామందికి పశుమాంసం, పందిమాంసమే. కోడి, చేప ఆ మాటలోకి రావు. అన్నం తరచుగా కోడి పులుసునీటిలో వండుతారు, చిక్కుళ్ళు పంది కొవ్వులో వేపుతారు. కాబట్టి రెండు ప్రశ్నలు వేయండి. 'యేవా కాల్దో దె పోయో?' కోడి పులుసు ఉందా? 'యేవా మాంతేకా?' పంది కొవ్వు ఉందా?

ధైర్యంగా అడగదగినవి: గుమ్మడిపూల కెసదియా, చీజుతో మిరప చీలికలు, నొపాల్ అనే బ్రహ్మజెముడు జాతి ఆకు కూర, మొక్కజొన్న కంకి. కంకికి మయొనేజ్ రాస్తారు, వద్దంటే ముందే చెప్పాలి. పాత్స్‌క్వారోలో 'ఉచేపో' అడగండి. లేత మొక్కజొన్న రుబ్బి ఆకులో ఆవిరికి పెట్టేది, మామూలుగా పాలు, వెన్నతో చేస్తారు. 'కొరుందా' చూడ్డానికి అలాంటిదే గాని పిండిలో తరచుగా పంది కొవ్వు కలుపుతారు.

చేప తినేవాళ్ళకు చపాలాలో 'చరాలెస్' ఉన్నాయి. వేలంత చేపల్ని ముల్లుతో సహా కరకరా వేపి నిమ్మరసం, కారం చల్లి ఇస్తారు. మన చిన్నచేపల వేపుడు తిన్నవాళ్ళకు కొత్తేమీ కాదు. ఒక్క మాట చూడాలి: నూనె. మధ్యాహ్నం ఆలస్యమయ్యే కొద్దీ నల్లబడిన నూనెలో వేపుతారు. ఎదురుగా వేపించుకోండి.

ప్రశ్న: ఒక వారం ఒడ్డంతా ఆకుపచ్చని మొక్కలు, మరుసటి వారం ఏమీ లేవు. నీళ్ళు కూడా వెనక్కి పోయినట్టున్నాయి. సరస్సు చచ్చిపోతోందా? ఈత కొట్టవచ్చా?

జవాబు: ఆ మొక్క మీకు కొత్త కాదు. అక్కడ 'లీరియో' అంటారు, మన చెరువుల్లో పేరు గుర్రపుడెక్క. రెండు దేశాలకూ దక్షిణ అమెరికా నుంచి వచ్చి పడిందే. వేర్లు నేలకు అంటవు కాబట్టి గాలి ఎటు తోస్తే అటు చాపలా కదులుతుంది. నిన్న చపాలా రేవును మూసింది ఇవాళ ఎదుటి ఒడ్డున ఉండవచ్చు. రేవు దగ్గర దట్టంగా ఉన్న రోజున పడవ ఎక్కవద్దు. ఇంజను రెక్కలకు కాడలు చుట్టుకుంటే మధ్యలో ఆపి చేత్తో పీకాల్సి వస్తుంది.

నీటిమట్టానికి ఏటేటా ఒక తీరు ఉంది. వానలు మొదలయ్యే ముందు, జూన్‌లో అట్టడుగున, వానలు ముగిశాక అక్టోబరు చివర్లో పైన. లోతు లేని సరస్సు కాబట్టి మట్టం ఒక మీటరు తగ్గినా ఒడ్డు చాలా దూరం జరుగుతుంది. దీని మీద మరో లెక్క ఉంది. సరస్సును నింపేది లెర్మా నది. అది ఇక్కడికి చేరే లోపల ఎగువ రాష్ట్రాల ఆనకట్టలు, పొలాలు వాడుకుంటాయి. గ్వాదలహారా తాగే నీటిలో సగానికి పైగా ఈ సరస్సుదే. 2001, 2002లో నిల్వ ఐదో వంతు కన్నా తక్కువకు పడిపోయి, రేవు గడ్డి మీద నిలబడింది. ఆ తర్వాత తేరుకుంది, మళ్ళీ తగ్గింది, మళ్ళీ పెరిగింది. చచ్చిపోవడం లేదు గాని, ఎవరూ నిశ్చింతగా ఉండదగిన స్థితిలోనూ లేదు. మీ కుళాయి తిప్పినప్పుడు వచ్చేది చాలావరకు ఈ నీరే, ఆ మాట తెలిసి చూస్తే మలెకోన్ మీద నడక వేరేగా ఉంటుంది.

ఈత వద్దు. లెర్మా దారిపొడవునా పట్టణాల, కర్మాగారాల మురుగును మోసుకొస్తుంది. నీళ్ళలో దిగాలనుంటే సాన్ హువాన్ కొసాలాలో వేడినీటి ఊటల కొలనులు ఉన్నాయి. వారం మధ్యలో ప్రశాంతంగా ఉంటాయి.

ప్రశ్న: పక్షులు చూడాలంటే?

జవాబు: చలికాలంలో తెల్ల గూడబాతులు. కొల్లేరులో ఆటపాక చూసినవాళ్ళకు ఇది వేరే జాతి అని ముందే చెప్పాలి. ఇవి ఉత్తర అమెరికా నుంచి దిగి, మార్చి దాకా ఉంటాయి. సముద్రతీరపు గోధుమరంగు గూడబాతుల్లా పైనుంచి దూకవు, నీటి మీద వరసగా ఈదుతూ చేపల్ని ఒక మూలకు తోలి మూతితో తోడుకుంటాయి. గుంపులు చూడాలంటే ఆగ్నేయపు ఒడ్డున, మిచొవకాన్ రాష్ట్రంలో ఉన్న పెతతాన్ వెళ్ళాలి. అక్కడ చేపలు కోసి మిగిలిన తుక్కు వాటికి వేస్తారు. గ్వాదలహారా నుంచి పొద్దున్నే బయల్దేరి పగటి వేళే తిరిగి వచ్చేయండి.

ప్రశ్న: మెక్సికో సిటీలో ఉంటున్నాం. నవంబరు 1, 2 తేదీల్లో పాత్స్‌క్వారోలో చనిపోయినవాళ్ళ పండుగ చూడాలని ఉంది. ఇప్పుడు గదులు దొరకడం లేదు.

జవాబు: ఆ రెండు రాత్రుల గదులు నెలల ముందే అయిపోతాయి. దగ్గరి పెద్ద నగరం మొరేలియాలో దిగి వెళ్ళాలనుకుంటే దూరం 60 కిలోమీటర్ల లోపే గాని, ఆ రాత్రి సరస్సు చుట్టూ దారి గంటలకొద్దీ కదలదు. హనీత్సియో దీవికి పడవల వరస కూడా అలాగే. మేం చెప్పేది, అక్టోబరు చివరి వారంలో వారం మధ్యన వెళ్ళండి. సంతలు మొదలై ఉంటాయి, బంతిపూల మోపులు దిగుతుంటాయి. మన గుమ్మాలకు తోరణాలు కట్టే బంతికి పుట్టిల్లు మెక్సికోనే. సమాధులకు ఆ పూలు పరుస్తుంటే చూడటం తెలుగువాళ్ళకు ఊరికే పోయే దృశ్యం కాదు.

పండుగ రాత్రే వెళ్ళగలిగితే, శ్మశానంలో మీరు అతిథులు. ఫ్లాష్ వద్దు, అడక్కుండా ముఖాలు తీయవద్దు, సమాధుల మధ్య పరిచిన పూలు తొక్కవద్దు. ఊరు 2,100 మీటర్ల ఎత్తున ఉంది, రాత్రి చలి ఎముకలు పట్టేస్తుంది. దుప్పటి కాదు, కోటు కావాలి.

పాత్స్‌క్వారో నీళ్ళ పక్కనే ఉన్న ఊరనుకుని చాలామంది చౌరస్తా దగ్గర గది తీసుకుంటారు. రేవు అక్కడికి దాదాపు మూడు కిలోమీటర్లు, చిన్న వ్యానులో వెళ్ళాలి. పడవ టిక్కెట్టు రానూపోనూ కలిపి ఇస్తారు, తిరిగి వచ్చేదాకా పారేయకండి. హనీత్సియో శిఖరాన ఉన్న, స్వాతంత్ర్య పోరాట వీరుడు మొరేలోస్ విగ్రహం 40 మీటర్లు. దీవంతా మెట్లే, విగ్రహం లోపలా మెట్లే. మోకాళ్ళ నొప్పి ఉన్నవాళ్ళకు యునుయెన్ దీవి నయం. త్సింత్సున్‌త్సాన్‌లో యాకతా అనే పురాతన మెట్ల పిరమిడ్లకు నివాస కార్డు చూపిస్తే ఆదివారం టిక్కెట్టు ఉండదు. మిచొవకాన్‌లో రోడ్లు అప్పుడప్పుడు మూసేస్తారు. బయల్దేరే ముందు వార్తలు చూడండి, పగలే ప్రయాణించండి, పల్లెల్లో రంగు వేయని స్పీడ్ బ్రేకర్లకు కళ్ళు తెరిచి ఉండండి.

ప్రశ్న: వాయె దె బ్రావో, బకలార్ రెండింటిలో దేనికి పోవాలి?

జవాబు: పోలిక కుదరదు. వాయె దె బ్రావో ముందున్నది సరస్సు కాదు, జలాశయం, మెక్సికో సిటీ తాగునీటి వ్యవస్థలో భాగం. 2024 మొదట్లో నిల్వ మూడో వంతు కన్నా తక్కువకు పడిపోయి రేవులు మట్టి మీద కూర్చున్నాయి. ఏప్రిల్, మే నెలల్లో వెళ్ళేముందు మట్టం తెలుసుకోండి. ఊరు తూర్పు ఒడ్డున ఉంది, కాబట్టి సాయంత్రం నీళ్ళ మీదే.

బకలార్ సరస్సు దూరాన కింతనా రో రాష్ట్రంలో ఉంది, ఊరు పడమటి ఒడ్డున. అందుకే పొద్దున్నే లేవాలి. గడియారం మెక్సికో సిటీ కన్నా గంట ముందు. ఏడు రంగుల నీరు ఎండాకాలపు మాట. 2020 జూన్ తుఫాను తర్వాత నీరు చాలాకాలం గోధుమ రంగులోనే ఉండిపోయింది. ఒడ్డున రాళ్ళలా కనిపించేవి స్ట్రొమటొలైట్లు, సూక్ష్మజీవులు పొరలు పొరలుగా పేర్చినవి. వాటి మీద నిలబడవద్దు, సన్‌స్క్రీన్ రాసుకుని దిగవద్దు. పొడుగు చేతుల చొక్కాతో ఈదండి. ఒడ్డులో ఎక్కువ భాగం హోటళ్ళ చేతిలో ఉంది, గది తీసుకునేటప్పుడే నీటిలోకి దారి ఉందా అని అడగండి.

ప్రశ్న: అహిహిక్‌లో మలెకోన్ దాటి ఒడ్డు వెంట నడుస్తుంటే కంచెలు అడ్డొచ్చాయి. వాళ్ళకు ఆ హక్కు ఉందా? అక్కడ ఇల్లు కొనవచ్చా?

జవాబు: మెక్సికో నీటి చట్టం ప్రకారం సరస్సు ఒడ్డున పది మీటర్ల పట్టీ ప్రభుత్వానిది. దాన్ని వాడుకునే అనుమతి కొందరికి ఇస్తారు, కొందరు అనుమతి లేకుండానే కలిపేసుకుంటారు. ఏది ఏదో దారిన పోతూ తేల్చలేం, కాపలాదారుతో వాదన వద్దు. పై వీధికి ఎక్కి తర్వాతి వీధిలో మళ్ళీ దిగండి.

విదేశీయులు సముద్రతీరానికి 50 కిలోమీటర్లు, సరిహద్దుకు 100 కిలోమీటర్ల లోపల ఇల్లు నేరుగా తమ పేర కొనలేరు, బ్యాంకు ట్రస్టు ద్వారా కొనాలి. చపాలా ఆ హద్దులకు బయట ఉంది, సొంత పేరునే కొనవచ్చు. బకలార్ లోపల ఉంది. ఎక్కడైనా 'ఎహీదో' భూమి, అంటే రైతుల ఉమ్మడి భూమి, చవగ్గా చూపిస్తే వెనక్కి వచ్చేయండి. నోటరీ రాసిన 'ఎస్క్రితూరా' ఉందా, అది రిజిస్ట్రీలో నమోదైందా చూడనిదే అడ్వాన్సు ఇవ్వవద్దు. కొనేముందు ఒక్కసారి జూన్ మొదట్లో, ఒక్కసారి సెప్టెంబరు వానలో వెళ్ళి ఆ ఇంటి ముందు నీళ్ళు ఎక్కడిదాకా ఉన్నాయో, వెనక వాగు ఎటు పోతోందో చూసుకోండి.